అరిగిన రికార్డు.. కరిగే జ్ఞాపకం

*ఎనభై, తొంభై ఏళ్ల కిందటి డ్యాన్సు పాటల రికార్డులను తీసుకుని ఒక ఇంగ్లిష్ కళాకారుడు ఆరున్నర గంటల ఆల్బమ్ చేశాడు. మతిమరుపు జబ్బు మనిషిని మెల్లమెల్లగా ఎలా కమ్ముకుంటుందో వినిపించే సంగీతమది. అది ఇప్పుడు కామారెడ్డి కుర్రాళ్ల ఫోన్లలోకీ చేరింది. విన్నాక మన ఇంట్లోని ముసలి గొంతును మళ్లీ పాత చెవులతో వినలేం.*

ఎల్లారెడ్డిలో మా మేనత్త ఇల్లు. తెల్లారితే ఎంగిలిపూల బతుకమ్మ. తెచ్చిన గునుగు, తంగేడు గోడవారకు పెట్టారు. అత్తమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఒళ్లో చాట లేదు, తునికాకు లేదు, తంబాకు లేదు. అయినా వేళ్లు ఆడుతున్నాయి. కనిపించని ఆకును పరిచి, చుట్టి, కొన మడిచి, దారం కట్టి పక్కన పెడుతున్నాయి. మళ్లీ ఇంకో ఆకు. ముప్పై ఏళ్లకు పైగా బీడీలు చుట్టిన చేతులవి. ఏ రోజు ఏ వారమో ఆమెకు తెలియదు. ఆ చేతులకు మాత్రం పని తెలుసు.

ఆమె మనవడు, వరసకు నాకు అల్లుడు, కామారెడ్డిలో డిగ్రీ చదువుతున్నాడు. పండక్కి వచ్చాడు. ఫోను నా ముందు పెట్టి, "మామా, ఇది ఆరున్నర గంటలుంటది. మొత్తం వినుడు శాన కష్టమంటరు. మా దోస్తులందరం చాలెంజ్ వెట్టుకున్నం" అన్నాడు.

మొదట చిటపటమని చప్పుడు. అత్తమ్మ తల ఎత్తింది.

"వాన వడ్తాంది. కట్టెలు లోపలెయ్యుండ్రి రా."

వాన లేదు. పాత రికార్డు మీద ముల్లు నడుస్తున్న చప్పుడది. దాని వెనక నుంచి బాకాలు, వాటి వెనక ఎక్కడో దూరంగా తీయగా వాద్యాల వరస. ఆమె కాసేపు చెవి ఒగ్గి విన్నది.

"ఎవలింట్ల లగ్గం?"

మనవడు నా వైపు చూశాడు. ఇద్దరం బదులు చెప్పలేకపోయాం. ఆమె కాలంలో రికార్డు మోగిందంటే ఎక్కడో పందిరి పడ్డట్టే. వేపచెట్టుకు కట్టిన మైకు గొట్టంలోంచి తప్ప ఆ చప్పుడు ఇంకెక్కడా వినే వీలు లేదు. ఊరు, భాష, కాలం ఏదీ కలవని సంగీతం ఆమెలో ఏదో పాత తలుపు తీసింది. ఆ తలుపు వెనక ఏముందో తెలుసుకోవాలనే ఈ కథనం.

ఖాళీ హాలులో మోగే పాట

ఆల్బమ్ పేరు 'ఎవ్రీవేర్ ఎట్ ది ఎండ్ ఆఫ్ టైమ్'. చేసినవాడు లేలండ్ కిర్బీ. ఇంగ్లండ్‌లోని స్టాక్‌పోర్ట్‌లో పుట్టాడు. సంగీత లోకంలో 'ది కేర్‌టేకర్' అనే పేరు పెట్టుకున్నాడు. ఆ పేరుకు మూలం స్టాన్లీ కుబ్రిక్ తీసిన 'ది షైనింగ్' సినిమా. 1980లో వచ్చింది. చలికాలంలో మూతపడిన పెద్ద హోటల్‌కు కాపలాదారుగా వెళ్లిన మనిషి కథ. జనం లేని ఆ హోటల్ డ్యాన్సు హాలులో ఎప్పటివో పాటలు మోగుతుంటాయి, ఎప్పుడో పోయినవాళ్లు ఆడుతుంటారు. కిర్బీని పట్టుకున్నది ఆ దృశ్యమే. 1999లో ఈ పేరుతో తొలి ఆల్బమ్ తెచ్చాడు.

అప్పటినుంచి అతని ముడిసరుకు చాలావరకు ఒక్కటే. రెండు ప్రపంచ యుద్ధాల నడిమి కాలంలో ఇంగ్లండ్, అమెరికా డ్యాన్సు హాళ్లలో మోగిన పాటల రికార్డులు. నిమిషానికి 78 సార్లు తిరిగే నల్లటి ప్లేట్లు. వాటిలోంచి ఒక చిన్న ముక్క తీసుకుంటాడు. దాన్నే తిప్పి తిప్పి మోగిస్తాడు. వేగం తగ్గిస్తాడు. పెద్ద గదిలో దూరంగా వినిపిస్తున్నట్టు ప్రతిధ్వని అద్దుతాడు. గీతల చప్పుడును తుడిచేయడు, అలాగే ఉంచుతాడు. వినేవాడికి అది ఒకరు పాడుతున్న పాటలా ఉండదు. ఎవరో గుర్తుచేసుకుంటున్న పాటలా ఉంటుంది.

2011లో వచ్చిన 'యాన్ ఎంప్టీ బ్లిస్ బియాండ్ దిస్ వరల్డ్' ఆల్బమ్‌తో అతనికి పేరొచ్చింది. అల్జీమర్స్ రోగుల జ్ఞాపకశక్తికి, సంగీతానికి ఉన్న సంబంధం మీద వచ్చిన ఒక పరిశోధన దానికి ప్రేరణ. తర్వాత ఇంకా పెద్ద పని తలకెత్తుకున్నాడు. మతిమరుపు జబ్బు మొదలైన నాటి నుంచి చివరిదాకా నడిచే కథను ఆరు ఆల్బమ్‌లుగా చెప్పడం. మొదటిది 2016 సెప్టెంబరులో, ఆఖరుది 2019 మార్చిలో వచ్చాయి. 2020లో లాక్‌డౌన్ రోజుల్లో టిక్‌టాక్‌లో యువత దీన్ని పందెంగా తీసుకున్నారు. ఒక్క బిగిన మొత్తం వినగలవా అన్నది సవాలు. మన దేశంలో అప్పటికే టిక్‌టాక్ ఆగిపోయినా, ఆ సవాలు చేతులు మారి కామారెడ్డి హాస్టల్ గదులదాకా వచ్చింది.

> ఆల్బమ్ లెక్కల్లో
>
> ● మొత్తం నిడివి: సుమారు ఆరున్నర గంటలు
>
> ● భాగాలు: 6, పాటలు: 50
>
> ● తొలి మూడు భాగాల్లో పాటలు చిన్నవి. నాలుగో భాగం నుంచి ఒక్కొక్కటి 20 నిమిషాలు దాటుతుంది
>
> ● ముఖచిత్రాలు గీసింది ఇవాన్ సీల్. ఏ బొమ్మా ఫలానా వస్తువని తేల్చి చెప్పలేం
>
> ● ముగింపు: ఒక నిమిషం నిశ్శబ్దం

మెట్లబావిలోకి దిగినట్టు

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వచ్చే దారిలో లింగంపేట దగ్గర నాగన్నబావి ఉంది. పూడిక తీసి, బాగుచేసిన పాత మెట్లబావి. పైమెట్టు మీద నిలబడితే ఎండ, గాలి, రోడ్డు మీది బండ్ల చప్పుడు. దిగుతున్నకొద్దీ వెలుతురు తగ్గుతుంది, చల్లబడుతుంది, మన మాటే మనకు మారిపోయి వినిపిస్తుంది. ఈ ఆల్బమ్ వినడం అచ్చం అలాగే ఉంటుంది.

మొదటి మెట్టు హాయిగా ఉంటుంది. పాటలు తెలుస్తుంటాయి. పాత రోజులు తలుచుకుంటూ మురిసిపోతున్న మనిషి కనిపిస్తాడు. మతిమరుపు ఉన్నా నవ్వుకునేంతే. రెండో మెట్టు మీద దిగులు మొదలవుతుంది. ఏదో తేడాగా ఉందని ఆ మనిషికే తెలిసిపోయింది. మూడో మెట్టు మీద ఒక పాటలోకి ఇంకో పాట చొరబడుతుంది. చటుక్కున మొదలై చటుక్కున తెగుతాయి. తేటగా మిగిలిన ఆఖరి జ్ఞాపకాలవి.

నాలుగో మెట్టుతో పాట అన్నది పోతుంది. ఎన్నో రికార్డులు ఒకేసారి మోగుతున్నట్టు గందరగోళం. మధ్యలో కాసేపు తెరిపి, మళ్లీ మబ్బు. ఐదో మెట్టు మీద ఆ తెరిపీ కరువే. ఆరో మెట్టు మీద గాలి హోరు తప్ప ఏమీ లేదు. మిగతా ప్రతి భాగానికీ ఒక వివరణ రాసిన కిర్బీ, ఈ ఆరో భాగానికి వివరణ లేదని వదిలేశాడు.

చిట్టచివర ఒక వింత జరుగుతుంది. అంత హోరులోంచి ఉన్నట్టుండి చర్చి పాట ఒకటి తేటగా లేస్తుంది. కొన్ని నిమిషాలు మోగి ఆగుతుంది. ఆ తర్వాత ఒక నిమిషం నిశ్శబ్దం. అంతే.

మరోరోజు ఆ పాట దగ్గరికి వచ్చినప్పుడు మా అల్లుడు అన్న మాట నన్ను కదిలించింది. "మామా, ఇది మన భగవద్గీత లెక్క లేదూ?" నిజమే. మన పల్లెల్లో పొద్దున్నే ఏదో ఇంటి మైకులోంచి ఘంటసాల భగవద్గీత వినిపించిందంటే ఎవరో పోయారని ఎవరూ చెప్పనక్కరలేదు. పని ఆపి, "ఎవలు పోయిండ్రు?" అని వాకిట్లోకి వస్తాం. ఇంగ్లండ్ వాడు చర్చి పాటతో చెప్పిన మాటను మనం యాభై ఏళ్లుగా ఆ రికార్డుతో చెప్పుకుంటున్నాం. ఆ గీతాగానం ఘంటసాల పోయిన 1974లోనే బయటికి రావడం మనసు కలచివేసే సంగతి.

లక్క మనది.. పాట వాళ్లది

ఆ డ్యాన్సు హాళ్ల పాటలతో మనకేం పని అనిపించవచ్చు. ఉంది. ఆ కాలపు రికార్డులు ప్లాస్టిక్‌తో చేసినవి కావు. లక్కతో చేసినవి. చెట్ల కొమ్మల మీద లక్కపురుగు పెట్టే జిగురును గీకి, కరిగించి, పొడి కలిపి అచ్చు పోసేవారు. ప్రపంచం మొత్తానికీ ఆ లక్కను పంపిన దేశాల్లో మనదే పెద్ద చేయి. లక్కపురుగు బతికే చెట్లలో రేగు ఒకటి, మోదుగ ఒకటి. ఎండాకాలం ముందు మన గుట్టల మీద ఎర్రగా పూసే అదే మోదుగ. లండన్ హాళ్లలో దొరలు, దొరసానులు ఆడిన పాటలు మన అడవి జిగురు మీద చెక్కినవి.

ఇంకో ముడి కూడా ఉంది. ఈ ఆల్బమ్‌లో మొదటి పాటకు ఆధారం ఆల్ బౌలీ అనే గాయకుడి 1931 నాటి 'హార్ట్‌ఏక్స్'. అంతకు కొన్నేళ్ల ముందు, ఇంకా పేరు రాని రోజుల్లో, బౌలీ పొట్టకూటికి డ్యాన్సు బృందాలతో తిరుగుతూ కలకత్తాలో పాడాడు. ఆ తర్వాత లండన్ వెళ్లి గొప్పవాడయ్యాడు. 1941 ఏప్రిల్ 17న జర్మన్ బాంబు దాడిలో చనిపోయాడు. డెబ్బై అయిదేళ్ల తర్వాత ఆ పాట గీతల చప్పుడు మధ్య మళ్లీ లేచి, ఈరోజు ఎల్లారెడ్డి అరుగు దాకా వచ్చింది.

మన రికార్డు చరిత్ర కూడా తక్కువదేమీ కాదు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాటతో దేశంలో రికార్డింగ్ ఊపందుకుంది. తెలుగులో నాటక పద్యాలు, హరికథలు, లలిత గీతాలు ప్లేట్ల మీదికెక్కాయి. ఒక్కో వైపు మూడు నిమిషాలే. అందుకని రాగం తీయడంలోనూ గాయకులు గడియారం చూసుకోవాల్సి వచ్చింది. బాకా, చావి, ముల్లు, కుక్కబొమ్మ. ఈ నాలుగు మాటలు విన్నా ఆ తరం కళ్లు మెరుస్తాయి. వాళ్ల డ్యాన్సు హాలుకు మన సాటి లగ్గం పందిరే. మైకుసెట్టు వచ్చిందంటే పిల్లలందరూ దాని చుట్టూనే. ముల్లు మార్చే అవకాశం ఇస్తారేమోనని ఆశ.

ఆ పిల్లలు ముందు నేర్చుకున్నది ఒక్కటే. రికార్డు అరిగి ముల్లు ఒకే గాడిలో పడి అదే ముక్క పాడుతుంటే గట్టిగా లాగకూడదు. లాగితే ప్లేటు మీద గీత పడుతుంది. వేలి కొసతో మెల్లగా ఎత్తి పక్క గాడిలో పెట్టాలి.

చాదస్తం అనుకుంటే పొరపాటు

"అరిగిపోయిన రికార్డులా అదే మాట" అని మనం ముసలివాళ్లను విసుక్కుంటాం. "వయసు మీద పడింది, చాదస్తం" అని వదిలేస్తాం. అక్కడే పొరపాటు జరుగుతోంది. వయసుతో కాస్త మరుపు రావడం వేరు. డిమెన్షియా వేరు. అది మెదడుకు వచ్చే జబ్బు. జర్మన్ వైద్యుడు అలాయిస్ అల్జీమర్ 1906లో ఒక రోగి మెదడును పరీక్షించి వివరించిన జబ్బే అందులో ఎక్కువమందికి వచ్చేది. రక్తనాళాలు దెబ్బతిన్నా, పక్షవాతం వచ్చినా డిమెన్షియా రావచ్చు.

మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. నూరుమంది ముసలివాళ్లున్న పల్లెలో ఏడుగురు. వాళ్లలో ఎంతమందిని ఎవరైనా డాక్టరుకు చూపించారో మీ ఊరి వాడకట్టు తలుచుకుంటే మీకే తెలుస్తుంది.

మన జిల్లాల్లో దీనికి ఇంకో బాధ తోడైంది. కామారెడ్డి, నిజామాబాద్ పల్లెల నుంచి ఎందరో గల్ఫ్‌కు పోయారు. ఇంట్లో ముసలివాళ్లు, కోడళ్లు, పిల్లలు మిగిలారు. అత్తమ్మ కొడుకు, మా బావ, దుబాయి నుంచి ప్రతి శుక్రవారం వీడియో కాల్ చేస్తాడు. మొన్న అత్తమ్మ తెర వైపు చాలాసేపు చూసి, "ఎవలయ్యా నువ్వు? మా కొడుకు లెక్కనే ఉన్నవు. బువ్వ తిన్నవా?" అని అడిగింది. మా బావ "తిన్ననే అమ్మా" అని, ఫోను పక్కకు తిప్పేశాడు.

ఆ మాటలో ఒక్కటి గమనించాలి. కొడుకు ముఖం గుర్తు రాలేదు. ఎదుటివాడు తిన్నాడో లేదో కనుక్కోవాలన్నది మాత్రం పోలేదు.

> ఎప్పుడు జాగ్రత్తపడాలి?
>
> ● చెప్పిన మాట, అడిగిన ప్రశ్న గంటలో పదిసార్లు తిరిగి వస్తుంటే
>
> ● తెలిసిన వీధిలోనే దారి తప్పుతుంటే
>
> ● డబ్బు లెక్కలు, రోజూ చేసే వంట తడబడుతుంటే
>
> ● అకారణంగా అనుమానాలు, కోపం, భయం మొదలైతే
>
> ముందు డాక్టరుకు చూపించాలి. బి12 లోపం, థైరాయిడ్ సమస్య, కుంగుబాటు, కొన్ని మందులు కూడా ఇలాంటి లక్షణాలే తెస్తాయి. వాటికి చికిత్స ఉంది. వృద్ధుల సహాయానికి ఉచిత హెల్ప్‌లైన్: 14567

రెండు భాషల బలం

ఈ జబ్బు మీద ప్రపంచం చెవి రిక్కించి విన్న పరిశోధన ఒకటి మన హైదరాబాద్‌లోనే జరిగింది. నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించింది. ఒకే భాష వచ్చినవారికంటే రెండు, మూడు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రకటించింది. బడి మొహం చూడనివారిలోనూ ఈ తేడా కనిపించింది.

అంగట్లో తెలుగు, కార్ఖానాలో ఉర్దూ, సరిహద్దు సంతలో మరాఠీ కలిపి మాట్లాడే మన ప్రాంతానికి ఇది ధైర్యం చెప్పే మాట. ఒక భాషలోంచి మరో భాషలోకి క్షణంలో మారడం మెదడుకు వ్యాయామం. చెవుడు, చూపు మందగించడం, బీపీ, షుగరు, పొగ, ఒంటరితనం, శారీరక శ్రమ లేకపోవడం వంటి 14 కారణాలను అదుపు చేస్తే దాదాపు 45 శాతం డిమెన్షియాను ఆపడమో, వాయిదా వేయడమో వీలవుతుందని 2024లో లాన్సెట్ కమిషన్ చెప్పింది. అవ్వకు వినికిడి మిషను పెట్టించడం, తాతకు కళ్లద్దాలు మార్పించడం చిన్న పనులు కావు.

మాట పోయినా పాట ఉంటుంది

మాటలు మరిచినవాళ్లు పాట ఎలా పాడతారు? 2015లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు దీనికి కొంత జవాబు చెప్పారు. ఎప్పటినుంచో తెలిసిన సంగీతాన్ని దాచుకునే మెదడు భాగాలు, అల్జీమర్స్‌లో మిగతా వాటికంటే ఆలస్యంగా దెబ్బతింటాయని గమనించారు. చేతిపని నైపుణ్యం కూడా అలాగే ఎక్కువకాలం నిలుస్తుంది. అత్తమ్మ వేళ్లు ఇంకా బీడీ చుడుతున్నది అందుకే. ముఖ్యంగా పదిహేను, ఇరవై ఏళ్ల వయసులో విన్న పాటలు లోతుగా నాటుకుంటాయి. అమెరికాలో వృద్ధాశ్రమాల్లో ముసలివాళ్ల చెవికి వాళ్ల యవ్వనపు పాటలు పెడితే ముడుచుకున్న ముఖాలు విచ్చుకోవడాన్ని 2014లో వచ్చిన 'అలైవ్ ఇన్‌సైడ్' డాక్యుమెంటరీ లోకానికి చూపించింది.

సంగీతం ఈ జబ్బును నయం చేయదు. కాసేపు దిగులు తీరుస్తుంది, భయం తగ్గిస్తుంది, పక్కనున్నవాళ్లతో మళ్లీ ముడి వేస్తుంది. కిర్బీ ఆల్బమ్ కూడా వైద్య గ్రంథం కాదు. ఒక కళాకారుడి ఊహ. అసలు జబ్బు ఆరు మెట్లలో వరసగా దిగదు. ఒకరోజు బాగుంటారు, ఒకరోజు బాగుండరు. ఆల్బమ్‌లో లేనిది ఇంకొకటి ఉంది. పక్కన మనిషి. అందులో ఆ హాలు ఖాళీగా ఉంటుంది. మన ఇల్లు ఖాళీగా ఉండాల్సిన పని లేదు.

చాలెంజ్ పేరుతో రాత్రంతా మేలుకుని వింటున్న పిల్లలకు ఒక మాట. మనసు బాగాలేనప్పుడు దాన్ని ఒంటరిగా వినకండి. విన్నవాళ్లు మాత్రం ఆ బరువును ఫోనులోనే వదిలేయకండి. మీ ఇంట్లో అరుగు మీద కూర్చున్న మనిషి దగ్గరికి తీసుకెళ్లండి.

ముల్లు మెల్లగా ఎత్తాలి

ఆ సాయంత్రం మా అల్లుడు రెండో భాగం దగ్గరే ఆల్బమ్ ఆపేశాడు. అవ్వ పక్కన కూర్చుని, "అవ్వా, ఒక ఉయ్యాల పాట పాడవే" అన్నాడు. ఆమె మొదట విననట్టే ఉంది. వేళ్లు బీడీ చుడుతూనే ఉన్నాయి. పక్కింటి ఆడవాళ్లు ఇద్దరు పువ్వులు సర్దుతూ సన్నగా ఎత్తుకున్నారు. రెండో చరణానికి అత్తమ్మ గొంతు కలిసింది. వేళ్లు ఆగి, రెండు అరచేతులు చప్పట్లకు వచ్చాయి. మూడో చరణం దగ్గర ఆగింది. కళ్లు వెతికాయి. దొరకలేదు. మళ్లీ మొదటి చరణం అందుకుంది.

అలా నాలుగుసార్లు. ఎవరూ "తప్పు పాడుతున్నవ్" అనలేదు. ఆమెతో పాటే మొదటికి వెళ్లారు. ఐదోసారి పక్కింటామె మూడో చరణంలో మొదటి మాట మెల్లగా అందించింది. అత్తమ్మ అందుకుని చివరిదాకా పాడేసింది.

డిమెన్షియా ఉన్న మనిషితో ఎలా మెలగాలో ఆ పక్కింటామెకు ఎవరూ నేర్పలేదు. వాదించొద్దు, పరీక్ష పెట్టొద్దు, "చెప్పిన కదా" అని గదమాయించొద్దు, మాట మెల్లగా మళ్లించండి అని డాక్టర్లు చెప్పేది ఇదే. గాడిలో పడ్డ ముల్లును లాగకూడదు. ఎత్తి పక్కన పెట్టాలి.

మా అల్లుడు ఆ పాట మొత్తం ఫోనులో రికార్డు చేశాడు. పదకొండు నిమిషాలు. వెనక కుక్క అరుపు ఉంది, బండి హారను ఉంది, నాలుగుసార్లు తిరిగొచ్చిన మొదటి చరణం ఉంది. ఒక్కటీ తీసేయలేదు. దుబాయికి పంపాడు.

సెప్టెంబరు 21 ప్రపంచ అల్జీమర్స్ దినం. బతుకమ్మ, దసరా ఆ రోజుల్లోనో, ఆ తర్వాత కొద్ది వారాలకో వస్తాయి. అందరూ ఇంటికి చేరే రోజులు. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు మీ అవ్వనో, తాతనో ఒక పాట అడగండి. ఏ లగ్గంలో విన్నారో, ఎవరు నేర్పారో అడగండి. ఫోను దగ్గర పెట్టి రికార్డు నొక్కండి. తప్పులు పాడితే పాడనివ్వండి. ఆ తప్పులతో సహా దాచుకోండి.